తప్పిన వాయిదాలు, తప్పని వడ్డీలు: అమెరికా అంచనా పన్నుపై ఒక సమీక్ష

ఆదాయమును ఆర్జించిన సంవత్సరములోనే, ఆర్జన జరుగుచున్నకొలది, దానిపై పన్నును గూడ చెల్లించుచుండవలెనను నియమము అమెరికా సంయుక్త రాష్ట్రములలో రెండవ ప్రపంచయుద్ధపు నడిమికాలమున పుట్టినది. అంతకు పూర్వము గడచిన ఏటి ఆదాయముపై పన్నును మరుసటి ఏడు వాయిదాలలో కట్టుచుండెడివారు. యుద్ధవ్యయము పెచ్చు పెరిగి, అదివరకు పన్ను మాటే ఎరుగని సామాన్య వేతనజీవులు సైతము కోట్ల సంఖ్యలో పన్నుదారులైన తరుణమున, ఏడాది ఆలస్యముగా వచ్చు సొమ్ముకొరకు ఖజానా వేచియుండజాలకపోయెను. 1943 జూన్ 9వ తేదీన దేశాధ్యక్షుడు రూజ్‌వెల్టు సంతకము చేసిన చట్టము, జీతమునుండి యజమానియే పన్నును కోసి ప్రభుత్వమునకు పంపవలెననియు, కోతకు చిక్కని ఆదాయము గలవారు తమ పన్నును తామే అంచనా కట్టి వాయిదాల ప్రకారము చెల్లింపవలెననియు విధించెను. అయితే పాత ఏటి బాకీయు కొత్త ఏటి కోతయు ఒక్కసారిగా నెత్తిన పడునే, దానికి దారియేమి? న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకు ఛైర్మనును, మేసీ దుకాణముల కోశాధికారియు అయిన బియర్డ్‌స్లీ రమల్, ఒక సంవత్సరపు పన్నును పూర్తిగా మాఫీ చేయుడని సలహా యిచ్చెను. అది ధనికులకే లాభించునని రూజ్‌వెల్టు అడ్డు చెప్పెను. తుదకు 1942, 1943 సంవత్సరములలో ఏ ఏటి పన్ను తక్కువయో దానిలో 75 శాతమును వదలివేయుటకు రాజీ కుదిరెను.

ఈ పుట్టుకను గుర్తుంచుకొనుట మంచిది. ఏలయనగా, వాయిదా తప్పినవానియెడ నేడింత బిగువు చూపు ఈ ఏర్పాటు తానొక మహామాఫీతోనే భూమిమీద పడినది. అటుపిమ్మట, ముందుగా కట్టవలసిన పన్నును తక్కువగా కట్టినవారిపై పడు జరిమానాను ఎప్పుడు మాఫీ చేయవచ్చును, ఒకసారి కట్టించుకొన్న జరిమానాను ఎప్పుడు వాపసు చేయవలెను అను ప్రశ్నకు చట్టమొకచోటను, పన్నుల శాఖ ప్రకటనలు మరియొకచోటను, ప్రకృతి వైపరీత్యములను పురస్కరించుకొని వెలువడిన ఉత్తరువులు వేరొకచోటను విడివిడిగా సమాధానములు చెప్పుచు వచ్చినవి. వాటినన్నిటిని ఒక వరుసను పెట్టి చూచిన నాకు తోచినదేమనగా, ఈ వ్యవహారములో విన్నపమునకు తెరచిన వాకిలి మిక్కిలి ఇరుకు, లెక్కకు తెరచిన వాకిలి మిక్కిలి విశాలము. మాఫీ పేరిట లోకమెరిగిన ఔదార్యముకంటె అంకెలలో అణగియున్న ఔదార్యమే పెద్దది.

మొదట నియమముల సంగతి. అమెరికా పన్నుల స్మృతిలోని 6654వ సెక్షను ప్రకారము, కోతలు పోగా రిటర్నునందు తేలిన బాకీ 1,000 డాలర్లకు లోపుగా నున్నచో జరిమానా ప్రసక్తియే లేదు. అంతకు మించినను, ఆ ఏటి పన్నులో 90 శాతముగాని, క్రిందటి ఏటి రిటర్నులో చూపిన పన్నులో నూటికి నూరుపాళ్లుగాని, ఈ రెండింటిలో ఏది తక్కువయో అది వేళకు చేరియున్నచో నిర్భయముగా నుండవచ్చును. క్రిందటి ఏటి ఆదాయము 1,50,000 డాలర్లు దాటినవారికి నూరుపాళ్లకు బదులు 110 శాతము. ఈ లక్షయేబదివేల గీత 1993 నాటి చట్టముతో వచ్చినది. ధరలు పెరిగినకొలది పన్ను శ్లాబులు పెరుగుచున్నవి గాని ఈ గీతమాత్రము గీచినచోటనే యున్నది. నాడు సంపన్నుల నుద్దేశించి గీచిన గీతను నేడు భార్యాభర్తలిద్దరును ఉద్యోగము చేయు మధ్యతరగతి కుటుంబము అనాయాసముగా దాటుచున్నది. రైతులకును మత్స్యకారులకును వేరు లెక్క కలదు: వారికి 90కి బదులు మూడింట రెండు పాళ్లు చాలును, వాయిదాయు ఒక్కటే.

వాయిదాల తేదీలను చూచినవారికి నవ్వు రాక మానదు. వీటిని త్రైమాసిక వాయిదాలందురు; కాని ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబరు 15, మరుసటి జనవరి 15 అను ఈ నాలుగు తేదీలలో మొదటిదానికిని రెండవదానికిని నడుమ రెండే నెలలు, మూడవదానికిని నాల్గవదానికిని నడుమ నాలుగు నెలలు. కాలిఫోర్నియా రాష్ట్రము తన సొంత పన్నుకు ఇంకను విచిత్రముగా 30, 40, 0, 30 శాతముల చొప్పున వాయిదాలను పంచినది; అనగా సెప్టెంబరులో కట్టవలసినది సున్న. కేంద్రమునకు సరిగా కట్టితినని నిశ్చింతగా నిదురించినవానికి రాష్ట్రమునుండి విడిగా నోటీసు వచ్చుటకు ఇట్టి భేదములే హేతువులు.

ఇక తప్పినందుకు పడునది ఏమి? పేరునకు ఇది జరిమానా. స్వభావమునుబట్టి చూడగా వడ్డీ తప్ప మరేమియు గాదు. ప్రభుత్వ స్వల్పకాలిక ఋణములపై వడ్డీరేటునకు మూడు పాళ్లు కలిపి, లోటుపడిన సొమ్ముపై, లోటుపడిన దినములకు లెక్కింతురు. వడ్డీపై వడ్డీ లేదు. 2021లో ఈ రేటు 3 శాతము. ధరలను అదుపు చేయుటకు రేట్లను పెంచినకొలది ఇదియు పెరిగి 2023 చివరి త్రైమాసికమునాటికి 8 శాతమైనది. 2024 అంతయు అక్కడనే నిలిచి, 2025లో 7కు దిగినది. మూడు శాతమున్న దినములలో దీనిని ఎవరును లక్ష్యపెట్టలేదు. ఎనిమిదైన పిమ్మట అందరికిని కనబడసాగినది.

ఈ వడ్డీ స్వభావమే తరువాతి కథకంతటికిని మూలము. తప్పు చేసినవానిని దండించు జరిమానాలయందు మనస్సును విచారింతురు: బుద్ధిపూర్వకముగా చేసెనా, పొరపాటున చేసెనా, తగిన కారణము కలదా యని. వడ్డీకి మనస్సుతో పనిలేదు. సొమ్ము ఎవరియొద్ద ఎన్నాళ్లున్నదను ప్రశ్న ఒక్కటే. కావుననే, రిటర్ను ఆలస్యముగా వేసినవారికిని, తేలిన పన్నును ఆలస్యముగా కట్టినవారికిని, అంతకుముందు మూడేండ్లు సక్రమముగా నడచుకొనియుండినచో మొదటి తప్పును క్షమించు పద్ధతి అమెరికా పన్నుల శాఖలో నున్నను, అంచనా పన్ను జరిమానాకు అది వర్తింపదు. మంచివాడనను కీర్తి ఇచ్చట చెల్లని నాణెము.

ఒక ఉదాహరణమును దగ్గరనుండి చూతము. డల్లాసులోనో సియాటిల్‌లోనో సాఫ్టువేరు కొలువు చేయు తెలుగు గృహస్థునకు జీతముతోపాటు కంపెనీ షేర్లు విడతలుగా చేతికి వచ్చుననుకొందము. షేర్లు చేతికి వచ్చిన దినమున వాటి విలువ జీతముక్రిందనే లెక్క. యజమాని దానిపై సాధారణముగా 22 శాతమే కోయును, పదిలక్షల డాలర్లు దాటువరకు ఆ రేటు మారదు. కాని గృహస్థుడు 32 లేక 35 శాతపు శ్లాబులో నుండినచో, ప్రతి విడతకును పది పదమూడు శాతము లోటు అతనికి తెలియకుండగనే పేరుకొనుచుండును. సంవత్సరాంతమున మొత్తము పన్ను 60,000 డాలర్లు, కోసినది 46,000 అని తేలినది, బాకీ 14,000. క్రిందటి ఏటి పన్ను 50,000 అయినచో దానిలో 110 శాతము 55,000, ఈ ఏటి 90 శాతము 54,000. తక్కువది 54,000 గనుక లోటు 8,000, వాయిదాకు 2,000. రిటర్ను వేయునాటికి మొదటి లోటు పండ్రెండు నెలలు, రెండవది పది, మూడవది ఏడు, నాల్గవది మూడు నెలలు నిలిచినవి. 7 శాతము చొప్పున జరిమానా సుమారు 373 డాలర్లు. అదే గృహస్థునకు క్రిందటి ఏటి పన్ను 40,000 మాత్రమే యైయుండినచో, 44,000 కట్టిన చాలునుగనుక, అదే 14,000 డాలర్ల బాకీతో అతడు దమ్మిడీ జరిమానా లేక బయటపడును. ఇద్దరును సమానముగా అజాగ్రత్తపరులే. ఒకనిని పట్టినదియు మరియొకనిని విడిచినదియు క్రిందటి ఏటి అంకె.

లెక్కలోని రెండవ ఔదార్యము ఇంకను విశేషమైనది. జీతమునుండి కోసిన పన్ను ఏ నెలలో కోసినదైనను, పన్నుదారుడు వేరుగా కోరనియెడల, నాలుగు వాయిదాలకును సమానముగా చేరినట్లు చట్టము భావించును. నవంబరులో మేలుకొన్న మన గృహస్థుడు ఆ 8,000 డాలర్లను తానే చెక్కు వ్రాసి జనవరిలో పంపినచో, నాల్గవ వాయిదా లోటు తీరి, వెనుకటి లోటుల వడ్డీ నాటితో ఆగునేగాని, అంతవరకు నడచిన వడ్డీ మిగిలియేయుండును. అదే సొమ్మును యజమానికి చెప్పి డిసెంబరు జీతమునుండి అధికముగా కోయించుకొనినచో మొత్తము జరిమానా మాయమగును. ప్రభుత్వ ఖజానాకు చేరిన సొమ్ము అంతే, చేరిన కాలమును ఇంచుమించుగా అంతే. చేరిన దారి వేరగుటచే ఫలము వేరైనది. దీనిని లొసుగనుట నాకిష్టములేదు. చట్టము వ్రాసినవారు జీతగాండ్రకు లెక్క సులభము చేయదలచి తెలిసియే వ్రాసిన వాక్యమిది.

ఆదాయము ఏడాది చివరను గుమ్మరించినట్లు వచ్చినవారికి మరియొక మార్గము కలదు. నవంబరులో ఇల్లో షేర్లో అమ్మి లాభము పొందినవానిని, ఏప్రిల్ వాయిదాలో దానిపై పన్ను ఏల కట్టలేదని అడుగుట అన్యాయముగదా! అట్టివాడు 2210 సంఖ్యగల ఫారమునకు అనుబంధమైన పట్టికలో ఏయే కాలమున ఎంతెంత ఆదాయము వచ్చినదో వేరువేరుగా చూపి, ఆయా వాయిదాలను తగ్గించుకొనవచ్చును. పట్టిక నింపుట మాత్రము సామాన్యుని ఓర్పునకు పరీక్ష.

ఇక విన్నపముల వాకిలి. 1984లో చట్టమునందు చేరిన నిబంధనలు రెండు. మొదటిది, ప్రమాదముగాని, వైపరీత్యముగాని, మరియే అసాధారణ పరిస్థితిగాని సంభవించి, జరిమానా విధించుట న్యాయమునకును సదంతఃకరణమునకును విరుద్ధమగునప్పుడు మాఫీ చేయవచ్చును. రెండవది, ఆ ఏటనో అంతకు ముందటి ఏటనో 62 ఏండ్లు నిండిన పిమ్మట ఉద్యోగ విరమణ చేసినవారికిని, వికలాంగులైనవారికిని, లోటు తగిన కారణమువలననే గాని నిర్లక్ష్యమువలన కలుగలేదని చూపినప్పుడు మాఫీ చేయవచ్చును. గమనింపుడు: తగిన కారణమను మాట రెండవ నిబంధనలోనే యున్నది. సాధారణ పన్నుదారునకు తగిన కారణము చాలదు. అసాధారణ పరిస్థితి కావలెను. ఇల్లు కాలి కాగితములు బూడిదయైనవని, వేళకు మంచము పట్టి ఆసుపత్రిలో నుంటినని చెప్పినవానికి ఆలకింపు దొరకవచ్చును గాని, నియమము తెలియదనిన వానికి దొరకదు. పైని చెప్పిన 2210 ఫారములోని రెండవ భాగమున పూర్తి మాఫీకొక గడి, పాక్షిక మాఫీకొక గడి కలవు. గడిలో గుర్తు పెట్టి, కారణమును వివరించు లేఖయు, ఆధారపత్రములును జతపరుపవలెను. విరమణ చేసినవారికి కల్పించిన ఈ మినహాయింపు అర్థవంతమైనది. ముప్పదియేండ్లు యజమాని కోసియిచ్చిన జీతముతో జీవించినవాడు ఒక్కసారిగా పింఛనును, పొదుపును, షేర్లను తానే లెక్కకట్టుకొనవలసివచ్చు తొలి రెండేండ్లు తడబడుట సహజమని చట్టము గ్రహించినది.

వైపరీత్యముల మాట వచ్చినప్పుడు వ్యక్తిగత విన్నపములతో పనిలేదు; ప్రభుత్వము మొత్తము ప్రాంతమునకే గడువును పొడిగించును. 2023 శీతకాలపు తుపానుల పిమ్మట కాలిఫోర్నియాలోని అధికసంఖ్యాకములైన కౌంటీలకు గడువును మొదట మే 15 వరకును, పిమ్మట అక్టోబరు 16 వరకును, తుదకు నవంబరు 16 వరకును పొడిగించిరి. అంచనా పన్ను వాయిదాలును అందులో చేరినవి. సిలికాన్ లోయలోని తెలుగువారు పలువురకు గాలివాన ఇంటి గడపను తాకకున్నను ఈ పొడిగింపు దక్కినది. 2020లో మహమ్మారి కారణముగా ఏప్రిల్, జూన్ వాయిదాలు రెండింటిని జూలై 15కు జరిపిరి. మరుసటి ఏడుమాత్రము రిటర్నుల గడువును మే 17కు జరిపి, అంచనా పన్ను వాయిదాను ఏప్రిల్ 15నాడే యుంచిరి. రిటర్నునకు గడువిచ్చిరిగదాయని వాయిదాను గూడ ఆపినవారికి వడ్డీ పడినది. శాఖవారు ప్రకటనలో స్పష్టముగానే చెప్పిరి. కాని రెండింటిని వేరుచేయుటలోని ఔచిత్యమును నేనెంత ఆలోచించినను కనుగొనలేకున్నాను.

మాఫీకిని వాపసునకును రెండింటికి గొప్ప దృష్టాంతము 2018వ సంవత్సరము. 2017 డిసెంబరు 22న ట్రంపు ప్రభుత్వము తెచ్చిన పన్నుల చట్టము రేట్లను తగ్గించి, మనిషికింతయను వ్యక్తిగత మినహాయింపును తొలగించి, రాష్ట్రపు, స్థానికపు పన్నుల తగ్గింపునకు 10,000 డాలర్ల హద్దును గీచెను. చట్టము వచ్చిన పదిదినములకే కొత్త సంవత్సరము. జీతపు కోతల పట్టికలను శాఖవారు హడావిడిగా మార్చి పంపిరి. కోత తగ్గి చేతికి వచ్చు జీతము నెలకు కొంత పెరిగినందున ఉద్యోగులు సంతోషించిరి. వారు యజమానులకు పూర్వమెన్నడో వ్రాసియిచ్చిన పత్రములు మాత్రము, రద్దయిపోయిన మినహాయింపుల లెక్కతోనే యుండెను. తత్ఫలితముగా 2019 వసంతమున రిటర్నులు వేయబోయిన జనులలో పలువురకు, ఏటేట వాపసు వచ్చుచోట బాకీ తేలినది.

తప్పెవరిది? పత్రమును సరిచూచుకొనుడని శాఖవారు పలుమారులు హెచ్చరించినమాట నిజమే. అయినను ప్రభుత్వమే పట్టికను మార్చి, ప్రభుత్వమే కోత తగ్గించి, తుదకు కోత చాలలేదని ప్రభుత్వమే వడ్డీ యడుగుట లోకమునకు వింతగా కనబడెను. 2019 జనవరిలో శాఖవారు 90 శాతమునకు బదులు 85 శాతము కట్టినవారికి మాఫీ ప్రకటించిరి. అది చాలదని శాసనసభ్యులును వృత్తినిపుణులును ఒత్తిడి చేయగా మార్చి 22న దానిని 80 శాతమునకు దింపిరి. ఈ రెండు ప్రకటనలకు నడుమ లక్షలాది జనులు రిటర్నులు వేసియుండిరి. కొందరు జరిమానాను గూడ కట్టియుండిరి. అట్టివారు 843 సంఖ్యగల ఫారముపై, 80 శాతపు మాఫీని కోరుచున్నామని వ్రాసి వాపసును అడుగవచ్చునని మొదట చెప్పిరి.

అనగా తెలిసినవాడు అడుగును, తెలియనివాడు పోగొట్టుకొనును. ఆగస్టు 14న శాఖ ఆ పద్ధతిని మార్చి, మాఫీకి అర్హులై యుండియు కోరని 4,00,000కు పైబడిన పన్నుదారులకు, వారేమియు అడుగకుండగనే, జరిమానాను తానే రద్దుచేయుచున్నట్లు ప్రకటించెను. కట్టినవారికి మొదట సీపీ 21 అను నోటీసు, తరువాత సుమారు మూడు వారములకు చెక్కు. పన్నుల శాఖ తన లెక్కలను తానే తిరగవేసి, తాను ఋణపడినవారిని వెదకి సొమ్ము పంపుట అరుదైన సంగతి. నా దృష్టిలో ఆ యేటి మాఫీలోకెల్ల శ్లాఘనీయమైనది 80 అను అంకె గాక, ఆగస్టులో జరిగిన ఈ పనియే.

80 అను అంకెలో దోషము లేకపోలేదు. పన్నులో 80 శాతము కట్టినవానికి జరిమానా శూన్యము. 79 శాతము కట్టినవానికి 80 వరకు గల లోటుపై మాత్రమే లెక్కింతురనుకొనరాదు, యథావిధిగా 90 శాతపు హద్దుతోనే లెక్కించిరి. మెట్టునకు బదులు అగడ్త త్రవ్వినట్లయినది. వేలకొలది డాలర్ల లోటుగలవాడు మాఫీ పొంది, అతనికంటె కొద్దిపాటి దూరములో నిలిచినవాడు మొత్తము కట్టుట సరిహద్దులు గీచిన ప్రతిచోటను కలుగు కష్టమే గాని, ఇచ్చట గీత ఏటవాలుగా నుండినచో ఎవరికిని నష్టము లేకపోయెడిది. వెనుకటివారు వేరుదారి త్రొక్కినట్లు కనబడుచున్నది: 1993 ఆగస్టులో సంతకమైన పన్నుల పెంపును ఆ జనవరినుండియే అమలు చేసినప్పుడు, ఆ పెంపువలన కలిగిన లోటుకు మాత్రము జరిమానాను ఆ చట్టమే మినహాయించెను. కారణమునుబట్టి మాఫీ యిచ్చిన పద్ధతి అది. శాతమునుబట్టి యిచ్చినది ఇది. కారణమును విడదీసి చూపుట పన్నుదారునకు కష్టము; శాతమును చూపుట తేలిక. 2018 పన్ను విషయమున తేలికదనమునే ఎన్నుకొనిరి.

మనదేశపు పద్ధతితో దీనిని పోల్చినచో ఒక విషయము స్పష్టమగును. ఇచ్చట ముందస్తు పన్ను చాలనివారిపై పడుదానిని చట్టము వడ్డీయనియే పిలుచుచున్నది. నెలకు 1 శాతము, అనగా ఏటికి 12. కట్టవలసిన పన్ను 10,000 రూపాయలు మించినవారు జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీలకు వరుసగా 15, 45, 75, 100 శాతములు పూర్తిచేయవలెను. వ్యాపారాదాయము లేని, స్వదేశవాసులైన అరువదియేండ్లవారికి ఈ బాధ్యతయే లేదు. అమెరికా చట్టము విరమణ చేసినవారిని విన్నపము పెట్టుకొమ్మని గడప దగ్గర నిలుపగా, మన చట్టము పెద్దలను అసలు పిలువనే లేదు. 2001లో అంజుమ్ ఘాస్వాలా కేసులో సుప్రీంకోర్టు, ఆదాయపు పన్ను చట్టపు 234-ఎ, బి, సి సెక్షన్ల వడ్డీ తప్పనిసరి యనియు, సెటిల్‌మెంటు కమిషను దానిని మాఫీ చేయజాలదనియు తీర్పు చెప్పెను. అయినను ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు తన అధికారముచే 2006 జూన్ 26న వెలువరించిన ఉత్తరువు కొన్ని సందర్భములలో చీఫ్ కమిషనర్లకు ఆ అధికారమిచ్చినది: సోదాలలో లెక్కల పుస్తకములు స్వాధీనమైపోయి పన్ను కట్టలేకపోయినవారికి, హైకోర్టు తీర్పును నమ్మి ఒక ఆదాయమును చూపక తరువాత చట్టసవరణతోనో పైకోర్టు తీర్పుతోనో చిక్కుపడినవారికి ఇట్లు ఊరట కలుగును. రేటు అక్కడికంటె కఠినము, మినహాయింపుల గీతలు ఇక్కడ కొంత మానవీయము.

అమెరికాకు కొత్తగా చేరిన తెలుగువారి స్థితి ఈ రెండు చట్టముల సందులో చిక్కుకొన్నది. హైదరాబాదులోనో విజయవాడలోనో ప్రవాసులకై యేర్పడిన ఎన్.ఆర్.ఇ. డిపాజిటు వేసినవారికి ఇచ్చట వడ్డీపై పన్ను లేదు; అమెరికాలో ఉన్నది. తండ్రి బ్రతికియుండగా వ్రాసియిచ్చిన పల్లెటూరి వరిపొలమును అమ్మినచో, గ్రామీణ వ్యవసాయ భూమి గనుక ఇచ్చట లాభముపై పన్ను లేదు, అమెరికాలో ఉన్నది. ఈ సొమ్ములనుండి అమెరికా పన్నును కోయువారెవరును లేరు. ఇచ్చట పన్ను కట్టనందున అక్కడ తగ్గించుకొనుటకును ఏమియు ఉండదు. లోటు తప్పదు. అట్టివానిని రక్షింపవలసినది క్రిందటి ఏటి పన్ను అను గీత. కాని వచ్చిన తొలి సంవత్సరమున అతనికి క్రిందటి ఏటి అమెరికా రిటర్నే లేదు. క్రిందటి ఏడు పన్ను బాధ్యతయే లేనివారికి జరిమానా లేదను మినహాయింపు చట్టములో నున్నను, అది క్రిందటి ఏడంతయు అమెరికా పౌరులుగానో నివాసులుగానో యుండినవారికే. కావున విమానము దిగిన ఏడాది అతనికి మిగిలినది ఆ ఏటి పన్నులో 90 శాతము అను ఒక్క గీతయే. నియమము తెలియకపోవుట అసాధారణ పరిస్థితి కాదని ముందే చూచితిమి. ఉద్యోగ విరమణ చేసినవాని తడబాటును గుర్తించిన చట్టము, దేశము మారినవాని తడబాటును గుర్తింపకపోవుట నాకు లోపముగానే తోచుచున్నది. శాసనకర్తలు ఆ మినహాయింపులోనుండి నివాసపు షరతును తీసివేసిన చాలును. వేరొక కొత్త నిబంధన అక్కరలేదు.

అంతవరకు అట్టివానికి అందుబాటులో నున్నది, డబ్ల్యు-4 పత్రములోని 4(సి) గడి. ప్రతి జీతమునుండి అదనముగా ఎంత కోయవలెనో అందులో వ్రాసి యజమానికి ఎప్పుడైనను ఇయ్యవచ్చును. కంపెనీవారు ఆ ఏటి చివరి జీతపు లెక్కను మూయుటకు పూర్వము ఇచ్చినయెడల, ఏప్రిల్ నాటి లోటు సైతము పూడును. కట్టివేసిన జరిమానాను అన్యాయమని తలచినవారు 843 ఫారమును రిటర్ను వేసిన మూడేండ్లలోగాని, సొమ్ము కట్టిన రెండేండ్లలోగాని, ఏది తరువాతిదైన ఆ గడువులోపల, పంపవలెను.